వాగుకు అవతలి గడ్డివాము

మా అత్త సల్వీనా ఉప్పు లేని చారైనా తాగుతుందిగానీ, పక్కింటికి వెళ్ళి చిటికెడు ఉప్పు అడగదు. కాపురానికి వచ్చిన కొత్తలో, పొయ్యి ఆరిపోయిందని కింది ఇంటినుంచి రెండు నిప్పులు తెచ్చాను. దానికి సాయంత్రందాకా నాతో మాట్లాడలేదు. పడుకోబోయే ముందు మాత్రం, "ఇచ్చే చెయ్యి పైన ఉంటుంది, పుచ్చుకునే చెయ్యి కింద ఉంటుంది. నీకే చెయ్యి కావాలో తేల్చుకో రఫీలా" అంది. నాకైతే ఆ పూట సంకటి ఉడికితే చాలు, చెయ్యి ఎక్కడుంటే ఏం? పైకి అనలేదు, కొత్త కోడల్ని కదా.

ఆమె అలా తయారవడానికి కారణం ఉంది. మామయ్య చెట్టు కొడుతూ దాని కిందే పడి చనిపోయాడు. అప్పటికి మా ఆయన త్రయాన్ చంటిపిల్లాడు. అత్త మగవాళ్ళ కొడవలి పట్టి కొండవాలు మీది గడ్డంతా తానే కోసింది, ఎండబెట్టింది, వాము వేసింది. ఆ ఆదివారం చర్చి గుమ్మం దగ్గర, వాగుకు అవతల ఉండే గ్లిగోర్ అన్నాడట: "ఆడది వేసిన వాము రెండు వానలకు నిలవదు" అని. అనేసి ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయుంటాడు. అత్త మాత్రం ఆ మాటను కొడుకు పెళ్ళయ్యాక కూడా మోస్తూనే ఉంది. ఏటా వసంతంలో సెయింట్ జార్జి పండగనాడు ఆవులు మేతకు బయలుదేరే వేళకి మా పెరట్లో ఒక వాము ముట్టకుండా నిలబడి ఉండాల్సిందే. మా కొండల్లో ఇంటి పరువంటే అదే. పిల్లనిచ్చేవాళ్ళు ముందు వామును చూస్తారు, తర్వాత పిల్లాణ్ణి. మా నాన్నా అంతే చేశాడు.

నేను చెప్పేది నా రెండో వసంతం సంగతి. అంతకుముందు ఏడాది కోతల వేళ వానలు పడి గడ్డి సగం కుళ్ళింది. చలికాలం వచ్చిందంటే వచ్చింది, పోదే! ఈస్టరు ముందు ఉపవాసాలు సగానికి వచ్చినా నీడ పట్టున మంచు అలాగే ఉంది. త్రయాన్ చెక్క తొట్లు బండికెక్కించుకుని, గుర్రాన్ని కట్టుకుని మైదానం ఊళ్ళకు వెళ్ళాడు. తొట్టిచ్చి తొట్టెడు మొక్కజొన్నలు తేవాలి. ఇంట్లో అత్తా నేనూ, అయిదు గొర్రెలూ వాటి పిల్లలూ, పొదగేసిన కోడి, ఇంకా మా ఆవు జొయానా. గురువారాన్ని మేం జోయ్ అంటాం, ఆ రోజు పుట్టింది కాబట్టి ఆ పేరు. నిండు చూలు. అది ఈనితేనే పాలూ జున్నూ, వచ్చే ఏటికి అమ్ముకోడానికి దూడా. అది పోతే మా ఇల్లు ఇల్లు కాదు.

పనికి మాత్రం కొదవలేదు. తెల్లారి లేస్తే పేడ ఎత్తి బుట్టల్లో బంగాళాదుంప మడికి మొయ్యాలి. తల్లి దగ్గర పాలు చాలని గొర్రెపిల్లకు మొక్కజొన్న జావ పట్టాలి. కోడి గుడ్ల మీంచి లేస్తే మళ్ళీ తిట్టి కూర్చోబెట్టాలి. ఇన్ని పనుల్లోనూ అత్త రోజుకోసారి కంచె దగ్గర నిలబడి వాగుకు అవతలికి చూసేది. అక్కడ గ్లిగోర్ బాబాయి ఒక్కడే ఉంటాడు. పొద్దున్నే బాల్చీ పట్టుకుని కొట్టంలోకి వెళ్తాడు, కాసేపటికి వస్తాడు. ఆయన వాము మాదానికన్నా పెద్దది.

"చూడవే, కొప్పు కూడా చెదరలేదు! ఇంటి చూరు పీకి మేపుతున్నాడో, గాలి పెట్టి మేపుతున్నాడో!" అనేది అత్త.

"మనమూ వాము విప్పుదాం అత్తయ్యా. జొయానా పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు."

"ఆయన విప్పాక విప్పుదాం."

మొదట్లో సాయంత్రాలు తనే వెళ్ళి ఒక చంకెడు గడ్డి తెచ్చేది. కొట్టం అటక మీదిది అనేది. తర్వాత అదీ మానేసి, అడవిలోని హేజెల్ పొదల లేత చివుళ్ళు కోసుకొచ్చి, తవుడు నీళ్ళతో కలిపి పెట్టేది. జొయానా వాటిని నమిలి, మా మొహాలు చూసేది. నాకు అత్త మీద ఒళ్ళు మండిపోయేది. నోరులేని దాన్ని మాడ్చి ఎవరికి చూపించుకుంటుంది ఈ పరువు?

ఒక పొద్దున ఆవు లేవలేదు. నేను తోక పట్టి, అత్త కడుపు కింద బల్లచెక్క దూర్చి, ఇద్దరం ఎత్తబోయాం. మోకాళ్ళు ఆనించింది, మళ్ళీ కూలబడింది. అత్త దాని చెవులు తడిమి చూసింది. చల్లగా ఉన్నాయి.

ఇంక నేను ఆగలేదు. "మీరు తిట్టుకోండి, కొట్టుకోండి, నేను వాము విప్పుతున్నా!" అని అరుచుకుంటూ పెరట్లోకి పరిగెత్తాను. ఊరు చూసే వైపు వద్దులే, ఆపాటి మర్యాద చేద్దామని అడవి వైపుకి వెళ్ళి, రెండు చేతులూ దూర్చి గట్టిగా లాగాను. లాగితే నేనే లోపలికి పడ్డాను. లోపల ఏముంది? నడుమ వాసం, చుట్టూ చీకటి. వానకు నల్లబడి బూజుపట్టిన పైపొర తప్ప పిడికెడు గడ్డి లేదు. పైన పటారం, లోన లొటారం! అటక మీది గడ్డంతా ఇదన్నమాట.

ఒంటినిండా బూజుతో బయటికొచ్చేసరికి అత్త ఎదురుగా నిలబడి ఉంది.

"చూశావుగా" అంది.

"ఇది పెడితే చూలు పోతుంది."

"నాకు తెలీదా?"

"గ్లిగోర్ బాబాయిని అడుగుదాం. మీరు వెళ్ళకపోతే నేను వెళ్తా."

ఆమె మొహం ఎర్రబడింది. నన్ను కొడుతుందేమో అనుకున్నాను. "ఈ ఇంట్లోంచి అడుక్కోడానికి ఎవరైనా వెళ్తే నేనే వెళ్తా. నీకు అడగడం కూడా చేతకాదు" అని లోపలికి వెళ్ళి, ఆదివారం తలగుడ్డ కట్టుకుని వచ్చింది. నేను వెనకే నడిచాను.

వాగు దాటి పైకి ఎక్కేసరికి బాబాయి కొట్టం తలుపుకి అడ్డంగా నిలబడి ఉన్నాడు, చేతిలో బాల్చీతో. మమ్మల్ని చూసి కంగారుపడ్డాడు. అత్త మంచు గురించి మాట్లాడింది. దుంపలు ఆలస్యమవుతాయంది. చర్చి గంట పగిలిందట కదా అంది. ఆయన అవునంటే అవునన్నాడు. నేను వెనకనుంచి ఆమె కొంగు పట్టి గుంజాను.

"గ్లిగోరన్నా," అంది చివరికి. ఆమె నోట ఆ పిలుపు నేనెప్పుడూ వినలేదు. "నా ఆవు లేవడం లేదు. ఒక మోపు గడ్డి ఇస్తావా?"

ఆయన తన వాము వైపు ఒకసారి చూశాడు. తర్వాత, "మోపెందుకు, మొత్తం పట్టుకెళ్ళు" అన్నాడు.

"ఎగతాళా?" అత్త గొంతు లేచింది. "గుమ్మంలోకి వచ్చి అడిగానని ఎగతాళి చేస్తావా? ఒంటరిదాన్నయినప్పుడూ అన్నావు, ఇప్పుడూ అంటావు! నీ ఆవు కడుపు నిండింది కాబట్టి..."

ఆయన పక్కకి జరిగి తలుపు తోశాడు.

కొట్టం శుభ్రంగా ఊడ్చి ఉంది. పేడ వాసన కూడా లేదు. గాడి ఖాళీ. పలుపు చుట్టి మేకుకి తగిలించి ఉంది.

"నడి చలికాలంలో పోయింది, ఈనలేక" అన్నాడు. "నడుంలోతు మంచు. ఎవర్ని పిలవను? దూడా పోయింది."

"మరి రోజూ బాల్చీ పట్టుకుని..."

"ఊరు చూస్తుంది కదా, సల్వీనా. ఆవు లేని కొంప అంటారు. ముసలాడి పని అయిపోయిందంటారు. పైగా ఉపవాసాల్లో పాలు ముట్టరు కదా, పాలేవని ఎవరూ అడగరు."

అత్త గడప మీద కూలబడింది. "నీ వాము చూసి నా ఆవును మాడ్చాను గ్లిగోర్," అంది. "నీది తరగలేదు, నాది తరగకూడదు అని. తినే నోరు లేకపోతే అది ఎందుకు తరుగుతుంది, దేవుడా!"

"ఇద్దామనుకున్నాను" అన్నాడాయన. "పొద్దున్నే బయటికొచ్చి మీ వైపు చూసేవాణ్ణి. నిండు వాము కనబడేది. లేనివాళ్ళకి ఇవ్వొచ్చుగానీ, నీకు ఏ మొహం పెట్టుకుని ఇవ్వను? మొహాన కొట్టేదానివి."

"కొట్టేదాన్నే" అంది అత్త. ఒప్పుకోడానికి ఆమెకి సిగ్గు వెయ్యలేదు. నాకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

బాబాయి నిచ్చెన తెచ్చి వాము విప్పాడు. లోపల గడ్డి ఇంకా పచ్చగానే ఉంది, ఎండబెట్టిన రోజు వాసనతో. పెద్ద మోపు కట్టి తనే ఎత్తుకున్నాడు. అత్త ఇమ్మంది, నేను ఇమ్మన్నాను, ఇవ్వలేదు. పట్టపగలు, దారంతా, అందరూ చూస్తుండగా వాగు దాటి మా పెరట్లోకి మోసుకొచ్చాడు. కింది ఇంటివాళ్ళు కంచె దగ్గరికి వచ్చి నిలబడ్డారు. అత్త తల దించుకోలేదు, ఎత్తుకోనూ లేదు. "దారి చూసుకుని నడు, జారి పడతావ్" అని ఆయన్ని కసురుతూ వెనకే నడిచింది.

ముందు పడుకునే తింది జొయానా. కాస్త తిన్నాక ముగ్గురం కలిసి ఎత్తాం. నాలుగు కాళ్ళూ వణికాయి, కానీ నిలబడింది. మళ్ళీ గాడిలో మూతి పెట్టింది.

ఇంక వెళ్తాడేమో అనుకున్నాను. ఆయన మా బాల్చీ ఒకటి బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

"కాసేపు ఉంటాను సల్వీనా, ఏమీ అనుకోకు. ఆవు గడ్డి నమిలే చప్పుడు వినక చాలా రోజులైంది."

అత్త ఆయన వైపు చూసింది. తలగుడ్డ చివరతో ముక్కు తుడుచుకుంది. మూల ఉన్న పార తీసి ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది.

"ఊరికే కూర్చోడమెందుకు, పేడ ఎత్తు" అంది. "రేపు తొందరగా రా. ఇది పొద్దున్నే లేస్తుంది."