కొప్పరాల సార్ ఇంట్లో నా ఉపన్యాసం

నోరు జారి ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను, కుదిరిన సంబంధాలు చెడగొట్టుకున్నవాళ్లను చూశాను. నేను మాత్రం నోరు జారి ఏకంగా ఒక శవయాత్రనే ఆపేశాను. అదీ మైకు లేకుండా. ఇది చదివి మీకు నవ్వు రాకపోతే తప్పు మీది కాదు. ఆ రోజు అక్కడున్న అంతమందిలోనూ నవ్వింది ఒక్క మనిషే. ఆవిడ ఎవరో చెప్పాక, మీలో నవ్వినవాళ్లు కూడా కాస్త ఆగుతారు.

తొంభైల్లో సంగతి. మాది సంగారెడ్డి దగ్గర కొండాపూర్ పక్క పల్లె. పటాన్‌చెరులో మందుబిళ్లల కంపెనీలో పని దొరికి, ఇస్నాపూర్‌లో యాదగిరి అనే తోటి పనివాడితో కలిసి కిరాయి గదిలో ఉండేవాణ్ణి. ఆదివారం వస్తే ఓనరు ఇంటి కిటికీ దగ్గర నిలబడి టీవీలో ‘ఏడో కక్ష్య’ సీరియల్ చూసేవాళ్లం. అంతరిక్ష నౌక కథ. నౌక గోడలు థర్మాకోలువని చూస్తేనే తెలిసేది. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే విశ్వమంతా వణికేది. అయినా కెప్టెన్ ప్రభాకర్ అంటే మాకు ప్రాణం. ఆయన నౌక బయటికి వచ్చి, తాడు తెగి, శూన్యంలో కొట్టుకుపోతుండగా సీరియల్ ఆగిపోయింది. మరుసటి వారం అదే సమయానికి వంటల కార్యక్రమం వచ్చింది. మా యాదగిరి ఆ వంకాయ కూర వైపు చూసిన చూపు నేనిప్పటికీ మరిచిపోలేదు.

కొన్నాళ్లకు సంగారెడ్డి బస్టాండు పుస్తకాల షాపులో అదే పేరుతో ఒక నవల కనిపించింది. ‘టీవీలో రాని ముగింపుతో సహా’ అని అట్ట మీద రాసి ఉంది. రచన: కొప్పరాల. అంతే, ఇంటిపేరు తప్ప ఇంకేమీ లేదు, ఫోటో అసలే లేదు. నేను, యాదగిరి, వాడి చిన్నమ్మ బిడ్డ రజిత, ముగ్గురం చదివాం. రజిత ఇస్నాపూర్‌లోనే ఒక బడిలో టీచరు. పేజీలు ఊడి వచ్చేదాకా చదివి, రోజూ కొట్లాడుకునేవాళ్లం. ముఖ్యంగా చివరిదైన పన్నెండో అధ్యాయం మీద. అందులో కెప్టెన్ శూన్యంలో తేలుతూ ఊపిరి పీలుస్తాడు, వదులుతాడు, మళ్లీ పీలుస్తాడు. అధ్యాయమంతా అదే. ఆఖరికి పోయాడో బతికాడో చెప్పకుండానే పుస్తకం అయిపోతుంది.

“గిదేం ముగింపు? పేజీలు నింపనీకె రాసిండు,” అనేవాణ్ణి నేను.

“నీకు సమజ్ కాకుంటే రాసినోంది తప్పా అన్నా?” అనేది రజిత.

వాకబు చేస్తే ఆ రచయిత ఉండేది పటాన్‌చెరులోనే అని తేలింది. ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేశాను. అవతలి గొంతు, “నా పుస్తకం చదివినవాళ్లని నేనింతవరకూ చూళ్లేదండీ. ఆదివారం పొద్దున్నే రండి, కాఫీ తాగుతూ మాట్లాడుకుందాం,” అంది.

ఆదివారం గులాబీల దండ కొనుక్కుని బయలుదేరాం. ఆ వీధి మలుపు తిరగ్గానే టెంటు, కుర్చీలు, జనం కనిపించాయి.

“చూసినవా యాదగిరీ! సార్‌కు గింతమంది అభిమానులున్నరు,” అన్నాను. ఆ క్షణాన నా తెలివికి ఎవరైనా దిష్టి తీసి ఉండాల్సింది.

గేటు దగ్గర ఖాకీ చొక్కా ఆయన్ని అడిగాను. “కొప్పరాల సార్ ఇల్లు ఇదేనా?”

“ఇదే. జల్దీ పోండ్రి. ఇగ తీస్కపోతరు.”

“యాడికి తీస్కపోతరు?” ఊరేగింపు కాబోలనుకున్నాను.

ఆయన నా వైపు అదోలా చూశాడు. అప్పటికే నా కాలు వాకిట్లో పడింది. పాడె మీద తెల్లగుడ్డ, దాని మీద బంతిపూలు. రజిత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మొన్న ఫోన్‌లో మాట్లాడిన మనిషి, ఈరోజు ఇలా! కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. దండ పట్టుకుని ముందుకు వెళ్లాను. తల దగ్గర తడిపంచెతో సన్నటి మనిషొకాయన అడ్డంగా నిలబడి ఉన్నాడు. పురోహితుడనుకుని, “పంతులుగారూ, జెర పక్కకు జరగండి,” అన్నాను. పాపం, జరిగాడు.

దండ వేసి దణ్ణం పెట్టి ఊరుకుంటే ఈ కథ లేదు. ఖాకీ చొక్కా ఆయన నా వెనకే వచ్చి, “కంపెనీ తరఫున వచ్చిన్రా? రెండు మాటలు చెప్పండి సార్,” అన్నాడు. జీవితంలో నన్నెవరైనా మాట్లాడమనడం అదే మొదటిసారి. దుఃఖంలో కూడా గొంతు సవరించుకున్నానంటే నా సంగతి మీకు అర్థమయ్యే ఉంటుంది.

“కొప్పరాల సార్ మామూలు మనిషి కాదు. మనల్నందర్నీ అంతరిక్షంలకు తీస్కపోయిండు,” అన్నాను.

జనంలోంచి ఒక గొంతు మెల్లగా వినిపించింది. “అంతరిక్షమేంది? ఈయన బాయిలర్ సెక్షన్ గదా?”

“రిటైరైనంక పోయిండేమో,” అని ఇంకొకాయన సర్దిచెప్పాడు.

అక్కడైనా ఆగవలసింది. యాదగిరి నా చొక్కా వెనకనుంచి గుంజుతున్నాడు. ఏడుపు ఆపుకోలేక గుంజుతున్నాడనుకుని వాడి భుజం తట్టాను. “అయితే సచ్చినోళ్ల ముంగట అబద్ధం ఆడొద్దు. పన్నెండో అధ్యాయం నాకు నచ్చలే. మనిషి ఊపిరి తీసుడు, ఇడుసుడు, ఒక్క తీరుగ గదే. గట్ల ఎవరు ఊపిరి తీస్తరు చెప్పండి! గది సార్ రాసింది కాదు, టీవీవాళ్లు బలవంతంగ రాయించిన్రని నా అనుమానం. గా మాట సార్‌నే అడుగుదామని వచ్చిన. ఇంతల గిట్లయింది.”

తడిపంచె మనిషి తలెత్తాడు.

“అది నేనే రాశానండీ,” అన్నాడు నెమ్మదిగా. “ఎవరూ బలవంతం చెయ్యలేదు. పోయింది మా అన్నయ్య.”

నౌక తాడు తెగడమంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది. కింద నేల ఉన్నట్టే లేదు. అంతలో ఎవరో నవ్వారు. పాడె పక్కన గోడకి ఆనుకుని కూర్చున్న పెద్దావిడ, పోయినాయన భార్య. “ఆయనుంటే పడీ పడీ నవ్వేవారు, కామేశం,” అంది తడిపంచెలో ఉన్న మరిదితో. ఇంకా నవ్వుతూనే ఉంది. నవ్వు ఎక్కడ ఏడుపయిందో ఎవరికీ తెలియలేదు గానీ, ఆ ఏడుపు విని పక్కనున్న ఆడవాళ్లంతా ఆవిణ్ణి చుట్టుముట్టారు. “ఏడవనీండమ్మా, తెల్లారగట్ల నుంచి ఒక్క చుక్క రాల్చలేదు,” అన్నారెవరో. పాడె ఎత్తబోతున్నవాళ్లు వెనక్కి తగ్గారు. కాసేపు ఆగమన్నాడు అసలు పురోహితుడు.

మేం ముగ్గురం ఇంటి వెనక బట్టలుతికే బండ దగ్గరికి పారిపోయాం. కామేశంగారు అక్కడికే వచ్చారు. కాళ్ల మీద పడబోయాను.

“మాఫ్ చెయ్యండి సార్. మేం పోతం.”

“వెళ్లకండి,” అన్నారాయన. “పొద్దున్నుంచీ వెదురు, కట్టెలు, ఐసు, ఎవరెవరికి కబురు వెళ్లిందీ, ఇవే మాటలు. కాసేపు పుస్తకం గురించి మాట్లాడండి.”

రజితే అడిగింది. “కెప్టెన్ సచ్చిపోయిండా సార్?”

ఆయన బండ మీద కూర్చున్నారు. “మా అన్నయ్యా ఇదే అడిగాడమ్మా. బాయిలర్ పైపులకు చుట్టే తొడుగుల దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. సిలిండరు లేకపోతే నిద్రపట్టేది కాదు. వాడి మంచం పక్కన కూర్చునే రాశాను పుస్తకమంతా. వాడు ఊపిరి ఎలా తీస్తున్నాడో వింటూ, పన్నెండో అధ్యాయం రాశాను.” నా వైపు తిరిగి, “అలా కూడా తీస్తారండీ,” అన్నారు. కోపంగా కాదు. ఒక పాఠకుడి సందేహం తీర్చినట్టే అన్నారు.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు.

“టీవీవాళ్ల కథలో కెప్టెన్ చచ్చిపోవాలి. చదివి వినిపిస్తే అన్నయ్య ఒప్పుకోలేదు. పుస్తకం అయిపోతే అయిపోనీ, కెప్టెన్ గాలి మాత్రం అవగొట్టకు అన్నాడు. అందుకని అక్కడే ఆపేశాను.”

“అయితే బతికే ఉన్నడు సార్,” అంది రజిత.

“ఉన్నాడమ్మా,” అన్నారాయన. అప్పుడు మొహం తిప్పుకున్నారు.

ముందువైపు నుంచి పిలుపు వచ్చింది. యాదగిరీ నేనూ వద్దన్నా వినకుండా వెళ్లి పాడెకి భుజం పట్టాం. హైవే దాటేటప్పుడు లారీలు ఆగాయి. ఆ మనిషి బరువు ఎంత తక్కువగా ఉందో నా భుజానికి తెలిసింది. ఒక్క మాట కూడా మాట్లాడలేదు, ఒట్టు.

కథ ఇంతటితో అయిపోయిందనే నేనూ అనుకున్నాను. నెల తిరక్కుండానే, నా పేరు, పనిచేసే చోటు ఎవర్నడిగి తెలుసుకున్నాడో గానీ, ఖాకీ చొక్కా ఆయన మా కంపెనీ గేటు దగ్గర నా కోసం కాసుకుని నిలబడ్డాడు.

“నర్సింలు సార్, మా సెక్షన్ల ఇంకొకాయన పోయిండు. గదే దమ్ము బీమారి. ఆయన పెండ్లాం సుత ఏడుస్త లేదు. జెర మీరొచ్చి రెండు మాటలు చెప్పాలె.”

అందుకే ఇది చదువుతున్న పుస్తకప్రియుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. పోయింది ఎవరో ఇద్దరు పెద్దమనుషుల్ని అడిగి రూఢి చేసుకోనిదే ఇక జన్మలో ఏ టెంటు కిందా నోరు విప్పను. రచయిత ఎదురుగా బతికి నిలబడి కాఫీ ఇస్తే తప్ప ఏ పన్నెండో అధ్యాయాన్నీ విమర్శించను. తడిపంచె కట్టినవాళ్లెవర్నీ పక్కకు జరగమనను.

ఆ రోజు వెళ్లానా అని అడుగుతారా? వెళ్లాను. ఆ బాయిలర్ల చుట్టుపక్కల అలాంటి ఉపన్యాసాలకు గిరాకీ చాలాకాలం తగ్గలేదు.