నల్లా మీద పేరు

మొన్న మంగళవారం తెల్లవారుజామున, వాకిట్లో రాళ్ళ మీద నీళ్ళు పడుతున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. ఈ ఇంట్లో పద్దెనిమిదేళ్ళుగా ఉంటున్నాను, అలా ఎప్పుడూ జరగలేదు. మా ఇంటామె, అంటే ఈ ఇంటి యజమానురాలు, ప్రతి రాత్రీ నల్లా తిప్పి వదిలేసి, దాని కింద తన ఇత్తడి బిందె పెట్టి పడుకునేవారు. ఖాళీ బిందెలో మొదటి ధార పడగానే లేచి, తాళంచెవుల గుత్తితో గొట్టం మీద మూడుసార్లు కొట్టేవారు. ఆ చప్పుడు గొట్టం వెంబడి మూడు వాటాలకూ పాకేది. అందరం బిందెలు పట్టుకుని బయటికి వచ్చేవాళ్ళం. మొన్న బిందె నిండి, పొర్లి, వాకిలంతా తడిసినా గొట్టం మోగలేదు. వెళ్ళి చూస్తే ఆమె మంచం మీద పక్కకు తిరిగి పడుకున్నట్టే ఉన్నారు, ఊపిరి లేదు. గుత్తి తలగడ దగ్గర ఉంది.

నేను మాటకారిని కాను. బడి చదువు అయిదో తరగతితో ఆగింది. తరువాత నేర్చుకున్నదంతా పాత పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నదే. ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో పద్దులు రాస్తాను. ఇంటికి వచ్చాక నా సొంత పుస్తకంలో ఆ రోజు పద్దు రాసుకుంటాను. నలుగురిలో నిలబడి ఆమె గురించి నాలుగు మాటలు చెప్పమంటే నావల్ల కాలేదు. అందుకని రాస్తున్నాను. ఆమెకు నేను చేసిన అపకారం ఒకటి ఉంది, దాన్ని కూడా రాయాలి.

రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు, యాభై ఏడులో, కృష్ణా జిల్లా నుంచి భార్యతో వచ్చి, నాంపల్లి స్టేషను వెనక సందులో ఈ వాటా అడిగాను. ఆమె గడపలో కూర్చుని చింతపండు ఒలుస్తున్నారు.

"ఏం పని జేస్తవ్?"

"లెక్కలు రాస్తానండీ."

"గట్లనా. అయితే మా నల్లా లెక్క గూడ నువ్వే సూడు. ఎవరెన్ని బిందెలు పట్టిన్రని రోజు లొల్లి ఈడ."

ఆ రోజునుంచి నేను 'లెక్కలయ్య'ని. నీళ్ళు ఆగిపోయాక గేటు పక్కన ఇనుప మూత ఎత్తి, మీటరు అంకె చూసి పుస్తకంలో రాసేవాణ్ణి. "ఆ అంకెలు మిమ్మల్నెవరు అడిగారండీ?" అని నా భార్య నవ్వేది. నిజానికి ఎవరూ అడగలేదు. కానీ పుస్తకం ఒకటి ఉందని తెలిశాక వాకిట్లో గొడవలు తగ్గాయి.

నల్లా దగ్గర ఆమె కట్టుబాట్లు ఆమెవి. ఇంటికి రెండేసి బిందెలు, అందరివీ అయ్యాక మళ్ళీ రెండేసి. బిందె నిండాక ఎవరైనా అక్కడే నిలబడి కబుర్లలో పడితే, "ఎనకాలోళ్ళను సూడున్రమ్మా! ముచ్చట్లు గడప కాడ పెట్టుకోన్రి" అనేవారు. తన మొదటి బిందె ఇంట్లోకి తీసుకుపోయేవారు కాదు. గేటు పక్కన రిక్షా వాళ్ళకోసం పెట్టిన కుండలో పోసేవారు. ఆంధ్రావాళ్ళు, ఇక్కడివాళ్ళు అంటూ ఊరంతా గొడవలు నడిచిన ఏడాది నా భార్య వాకిట్లోకి రావడానికి జంకింది. రెండు రోజులు చూసి, మూడోనాడు ఆమె మా వాటాలోకి వచ్చి, మా బిందె తీసుకుపోయి తన బిందె పక్కన పెట్టారు.

నెలకోసారి నీళ్ళ బిల్లు తెచ్చే ఆయన సైకిలు గేటుకు ఆనించి, బిల్లు మీది పేరు గట్టిగా చదివి, చివర 'సాబ్' చేర్చేవాడు. అది ఇంటామె భర్త పేరు. ఆయన మేము రావడానికి నాలుగేళ్ళ ముందే పోయారు. ఆమె లోపలినుంచి, "ఔ, ఉన్నరు, లోపల్నే ఉన్నరు" అని వచ్చి బిల్లు అందుకునేవారు. బిల్లాయనకు సంగతి తెలియకేం కాదు. అయినా ఇద్దరూ నవ్వేవారు కాదు. ఏదో అలవాటు మాట అనుకున్నాను.

మేము చేరిన ఆరో ఏడు ఎండాకాలంలో మీటరు ముల్లు ఆగిపోయింది. నాలుగు రోజులు ఒకే అంకె రాశాక నాకు ఊపిరాడలేదు. ఆఫీసుకు ఉత్తరం రాద్దామన్నాను.

"ముల్లు ఆగితే ఆగనియ్యి. నీళ్ళయితే ఆగలే గదా" అన్నారామె.

వినలేదు. ఇంగ్లీషు ఉత్తరాలు రాయడం నేర్పే పుస్తకం ఒకటి నా దగ్గరుండేది. దాన్ని ముందు పెట్టుకుని రెండు సాయంత్రాలు కష్టపడి రాశాను. కనెక్షను ఎవరి పేరు మీద ఉందో చెప్పే చోట, పోయినవారిని పేరు పెట్టి రాసేటప్పుడు గౌరవం తప్పకూడదని, ఆయన పేరుకు ముందు 'లేట్' అని చేర్చాను. ఆ మాట తెలిసినందుకు కాస్త గర్వపడ్డాను కూడా. దుకాణానికి పోతూ నీళ్ళ ఆఫీసులో నా చేత్తోనే ఇచ్చాను.

పది రోజులకు నోటీసు వచ్చింది. మీటరు ఊసే లేదు అందులో. కనెక్షనుదారు మరణించినట్టు తెలిసింది, పదిహేను రోజుల్లో పేరు మార్చుకోకపోతే నల్లా బందు చేస్తాం అని ఉంది.

వాకిట్లో నోటీసు చదువుతుంటే నా గొంతు నాకే వినబడలేదు. వెనక వాటాలో ఉండే దర్జీ మాత్రం బాగానే విన్నాడు.

"నీకు ఇంగ్లీషు ఎవరు నేర్పిన్రయ్యా లెక్కలయ్యా? నల్లా బందు జేపిచ్చేటంత నేర్చినవ్ గదా!"

అతని కూతురు అప్పుడు పురిటికి వచ్చి ఉంది. అతని కోపంలో తప్పు లేదు. ఇంటామె మాత్రం కోప్పడలేదు. ఆ ఒక్క మాట ఏమిటో అడిగి చెప్పించుకున్నారు.

"మా ఆయన పోయి పదేండ్లాయె. నీళ్ళాఫీసోళ్ళకు ఇయ్యాల తెలిసిందన్నట్టు" అని నవ్వారు. "నువ్వు రాయకుంటె ఇంక కొన్నొద్దులు బతికుంటుండె, పాపం."

అందరూ నవ్వారు. నేను తల ఎత్తలేదు.

పేరు మార్పు దరఖాస్తు ఆ రాత్రికే సిద్ధం చేశాను. ఆమె సంతకం పెట్టి, ఆఫీసుకు వచ్చి నిలబడితే చాలు. పొద్దున అడిగితే "రేపు సూద్దాం" అన్నారు. ఆ మరునాడూ అంతే. వారం గడిచింది. దర్జీ భార్య ఎక్కడెక్కడివో డబ్బాలు తెచ్చి నీళ్ళు నింపి పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ వారమే కాన్పయిన పచ్చి బాలింత ఉన్న ఇంట్లో నల్లా బందయితే రోడ్డు దాటి వీధి నల్లా దగ్గర వరసలో నిలబడాలి. పన్నెండో రోజున దరఖాస్తు పట్టుకుని ఆమె గడప ముందు నిలబడ్డాను.

"పెద్దమ్మా, ఇంకా మూడు రోజులే ఉన్నాయండీ."

"బిల్లాయన ఎప్పుడొస్తడు?"

పుస్తకం చూసి చెప్పాను. "లెక్క ప్రకారం రేపండీ."

"గాయన వచ్చిపోనియ్యి. అటెన్క పోదాం."

నాకు అర్థం కాలేదని ఆమెకు తెలిసింది.

"చుట్టాలు పోయినాయన అంటరు. నేనా, పేరు పెట్టి పిల్వను. గా సైకిలాయన ఒక్కడే నెలకొక్కపారి పేరుతోని పిలుస్తడు, లెక్కలయ్యా. ఇగ పిల్వడు గదా."

దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకున్నాను.

మరునాడు ఆమె వాకిట్లోనే కూర్చుని బియ్యం ఏరుతున్నారు. సైకిలు గంట వినగానే చేట పక్కన పెట్టి, లేచి లోపలికి వెళ్ళారు. బిల్లాయన పిలిచాడు. ఎప్పటిలాగే పూర్తి పేరు, చివర సాబ్. ఆ రోజు జవాబు రావడం కొంచెం ఆలస్యమైంది. "ఔ, ఉన్నరు, లోపల్నే ఉన్నరు."

తెల్లవారి రిక్షాలో ఇద్దరం ఆఫీసుకు వెళ్ళాం. గుమాస్తా దరఖాస్తు తిరగేసి, "భర్త పేరు చెప్పమ్మా" అన్నాడు. ఆమె నావైపు చూశారు. భర్త పేరు నోట పలకని ఇల్లాలు అని నాకు తెలుసు.

"జర జల్ది చెప్పున్రి, ఎనక మంది ఉన్నరు" అన్నాడు గుమాస్తా.

నేను చెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టారు. కొంగు సవరించుకుని, మెల్లగా, స్పష్టంగా, ఆయన పేరు ఆమే చెప్పారు.

తిరిగి వస్తుంటే సందు మలుపులో, "పాతికేండ్ల కాపురంల ఒక్కపారి అనలే. నీళ్ళాఫీసుల అన్న" అని నవ్వి, కొంగుతో ముఖం తుడుచుకున్నారు.

నల్లా ఆగలేదు. దర్జీ మళ్ళీ నాతో మాట్లాడాడు. మీటరు సంగతి అందరం మరిచిపోయాం.

మరుసటి నెల బిల్లాయన వచ్చి ఒక పేరు పిలిచాడు, చివర 'బాయి' అని చేర్చి. ఎవరూ పలకలేదు. మూడు వాటాలవాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళుగా ఆమె మాకు పెద్దమ్మ, ఇంటామె, అంతే. ఆ పేరు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆమె గడప దగ్గరికి వెళ్ళి చెప్పాను.

"మిమ్మల్నే పెద్దమ్మా."

"నన్నా?"

చేతులు తుడుచుకుంటూ గేటు దాకా వచ్చారు. కొత్త చీర కట్టుకున్న పిల్లలా సిగ్గుపడ్డారు. "జర మల్లొక్కపారి పిలువు" అన్నారు బిల్లాయనతో. అతను నవ్వకుండా మళ్ళీ పిలిచాడు.

"ఔ, ఉన్న" అన్నారు.

చాలా రోజుల తరువాత క్షమించమని అడగబోయాను. మాట మధ్యలోనే అడ్డుకున్నారు. "పో లెక్కలయ్యా. మా అమ్మ పోయినంక నన్ను పేరు పెట్టి పిలిచినోళ్ళు లేకుండె. నీ చిట్టీ పుణ్యాన నెలకొకడు పిలుస్తున్నడు." ఆ మాట నేను ఆ రోజు పద్దులో రాసుకున్నాను. మొన్న వెతికి చూశాను, ఉంది.

ఇల్లు ఇప్పుడు చాదర్‌ఘాట్‌లో ఉండే ఆమె మరిది కొడుకుది. మంచివాడు, మమ్మల్ని ఉండమన్నాడు. నల్లా తన పేరు మీదికి మార్చాలి, దరఖాస్తు మీరే రాయండి అన్నాడు. రాశాను. ఆమె పేరుకు ముందు ఒక మాట పట్టేంత చోటు వదిలాను. ఈసారి ఆ మాట రాయకపోతే తప్పు. రాస్తే ఏమవుతుందో కూడా ఈసారి తెలుసు.

నిన్న సాయంత్రం కలం పట్టుకుని వాకిట్లో కూర్చుని ఉండగా సైకిలు గంట వినిపించింది. బిల్లాయన కూడా పెద్దవాడయ్యాడు. అతనికి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. సైకిలు గేటుకు ఆనించి, ఎప్పటిలాగే ఆమె పేరు పిలిచాడు. మూడు వాటాలవాళ్ళూ గడపల్లోకి వచ్చారు.

"ఔ" అన్నాను నేను. మా వైపు వాళ్ళం అలా అనం. "ఉన్నరు, లోపల్నే ఉన్నరు."

అతను నన్ను చూశాడు. నా చేతిలోని కాగితం చూశాడు. తరువాత ఏమీ అడగకుండా బిల్లు ఇచ్చి, నమస్కారం పెట్టి, సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు.

దరఖాస్తు రేపు ఇస్తాను. బిల్లును ఆమె కిటికీ గూట్లో, తాళంచెవుల గుత్తి కింద పెట్టాను. చీకటి పడ్డాక నల్లా తిప్పి వదిలి, ఆమె ఇత్తడి బిందె బోర్లించి ఉంటే తిరగేసి, ధార పడేచోట పెట్టాను.