పెన్న గండిలో మా అత్త

మా అత్త పోయిన సంగతి పులివెందులకు పొద్దుటి బస్సులో వచ్చింది. ప్రొద్దుటూరు నుంచి వచ్చే ఆ బస్సు కండక్టరు మా ఇంటి ముందర బస్సు ఆపించి, దిగొచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. "అమ్మా, మీ అత్త తెల్లారుజామున నిద్రలోనే పోయిందంట. మీ మరిది చెప్పి పంపినాడు" అన్నాడు. మా ఆయన ఆఫీసుకు పోవడానికి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. సగం గుండీలతోనే కుర్చీలో కూర్చుండిపోయాడు. అదే బస్సు తిరిగి పోయేటప్పుడు ఎక్కాము.

ఇది జరిగి నెల దాటింది. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా ఆమె గురించి మంచి మాటలే చెప్పారు. మామ పోయినాక ఒంటి చేత్తో సేద్యం చేయించిందన్నారు, బిడ్డలను నిలబెట్టిందన్నారు. అన్నీ నిజమే. అయితే నాకు తెలిసిన అత్త ఇంకొకామె ఉంది. ఆమెను నేనూ, ఆమె తమ్ముడూ తప్ప ఎవరూ చూడలేదు. ఆ తమ్ముడు కూడా ఇప్పుడు లేడు. అందుకని రాస్తున్నాను.

అత్తది మాట తక్కువ. ప్రొద్దుటూరులో అప్పట్లో మేమంతా కలిసున్న ఇంటికి పెన్న దగ్గరే. రోజూ పొద్దున్నే ఏటిదాకా పోయి వచ్చేది. ఎండాకాలంలో ఏరంతా ఇసుకే. "ఏముందని పోతాండావు?" అని కొడుకులు నవ్వితే, "ఉందో లేదో పోతేనే గదా తెలిసేది" అనేది. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో వాసన చూసి చెప్పేది. రాయి మీద కూర్చోవలసి వస్తే, పశువును నిమిరినట్లు ముందు దాన్ని అరచేత్తో నిమిరేది. కోపం వస్తే మాట్లాడేది కాదు, పెరట్లో కట్టెలు కొట్టేది.

కర్నూలు మన రాజధానిగా ఉన్న రోజులవి. నా తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఆడపిల్ల. ఏడుపైనా వినపడలేదు. ఆ తర్వాత నాకు మాట పడిపోయినట్లయింది. పని చేసేదాన్ని, పిలిస్తే తలెత్తేదాన్ని, అంతే. వీధిలో ఒకరు మొక్కు చెప్పారు. పక్కింటి సాయిబు భార్య దర్గా నుంచి తాయెత్తు తెచ్చి తన చేతులతోనే నా చేతికి కట్టింది. అత్త ఎవరినీ కాదనలేదు. ఎండలు ముదిరినాక నన్ను లింగాల పక్కనున్న తన పుట్టింటికి పిల్చుకపోయింది. అక్కడ ఒకనాడు తన తమ్ముడితో అంది. ఆయన్ను నేను చిన్నాయన అనేదాన్ని.

"తిరిగి పోయేటప్పుడు బస్సులో పోము. చిత్రావతి ఎంబడి పోయి పెన్నలో కలుస్తాం. గండికోట గండిలో నడ్సి జమ్మలమడుగు కాడ తేల్తాం."

చిన్నాయన తింటున్న ముద్ద ఆపేశాడు. "నీకేమన్నా పిచ్చి పట్టిందా అక్కా? గొర్రెలోళ్ళే ఆ గండిలోకి దిగరు."

"నువ్వొస్తే నువ్వు. రాకపోతే మేమిద్దరమే."

"ఈ పాప నడుస్తాదా?"

అత్త నా వైపు చూసింది. "నడుస్తాది. బస్సెక్కితే ఊరొస్తాది గానీ దోవ కనపడదు రా."

గోనెసంచులకు తాళ్ళు కుట్టి వీపులకు తగిలించుకున్నాము. జొన్నరొట్టెలు, ఊరిమిండి పచ్చడి, వేయించిన చెనిక్కాయలు, బెల్లం, తలా ఒక దుప్పటి. నీళ్ళకు ఎండిన సొరబుర్రలు. చిత్రావతిలో చుక్క నీరు లేదు. ఇసుక మీద పొద్దున కొంత, సాయంత్రం కొంత నడిచేవాళ్ళం. మధ్యాహ్నం ఏటి గట్టున తుమ్మచెట్ల కింద పడుకునేవాళ్ళం. దప్పికయితే ఇసుకలో చెలమ తవ్వుకునేవాళ్ళం. గట్టు మీది ఊర్లవాళ్ళు మజ్జిగ పోసి, "జమ్మలమడుగుకు నడ్సి పోతాండారా? బస్సులు నిల్సిపోయినాయా?" అని నవ్వేవాళ్ళు.

తొలిరోజు సాయంత్రానికే నా కాళ్ళు బొబ్బలెక్కాయి. ఇసుకలో కూలబడ్డాను. అత్త నా పక్కన నిలబడింది. "నడ్సు. నడ్సలేకపోతే కూసో. కూసోని లెయ్యలేకపోతే చెప్పు, లేపుతా" అంది. కాసేపటికి నేనే లేచాను.

దోవలో ఆమె తన కోరిక చెప్పింది. చిన్నప్పుడు వాళ్ళ నాయనతో ఎద్దులబండిలో గండికోటకు పోయిందట. కోట అంచు నుంచి తొంగి చూస్తే, లోతున పెన్న దారప్పోగు మాదిరి కనపడిందట. ఆ దారం పక్కన నిలబడి పైకి చూడాలని అప్పటి నుంచీ ఆశ. "ఎవురికి చెప్పినా నవ్వుతారని చెప్పలా" అంది.

పెన్నలో కలిసినాక కొండలు రెండు వైపులా దగ్గరికి జరుగుతూ వచ్చాయి. ఒక మలుపు తిరిగేసరికి గండి మొదలైంది. అది ఎట్లుంటుందో చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. ఎర్రరాతి గోడలు రెండు ఆకాశం దాకా లేచి ఉన్నాయి. పెద్ద పెద్ద రాళ్ళను ఎవరో తీరిగ్గా ఒకదాని మీద ఒకటి పేర్చినట్లున్నాయి. ఆకాశం నీలం గుడ్డపేలికంత మిగిలింది. గోడలకు తేనెపట్లు నల్లగా వేలాడుతున్నాయి. బయట నిప్పులు కురుస్తున్నా లోపల కుండలో నీళ్ళ మాదిరి చల్లగా ఉంది. పైన కోట బురుజు మీద మేస్తున్న మేక చీమంత కనపడింది. చిన్నాయన తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు, గుడిలోకి వచ్చినట్లు.

మరునాడు మధ్యాహ్నం దోవ ఆగిపోయింది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మడుగు. ఆకుపచ్చగా, కదలకుండా ఉంది. చిన్నాయన దిగి మునిగి చూసి వచ్చాడు. "అడుగు అందలా అక్కా. ఎనక్కి పోదాం."

రొట్టెలు అయిపోవచ్చాయి. వెనక్కంటే మళ్ళీ అన్ని రోజుల నడక. అత్త సొరబుర్రల్లో నీళ్ళు పారబోసి, బిరడాలు బిగించి, తాడుతో నడుముకు కట్టుకుంది. ఆమెకు ఈత రాదు.

"నేను ముందు పోతా. నాకేమన్నా అయితే పాపను ఎనక్కి పిల్చుకపో."

"అక్కా, వద్దు."

"పట్టుకో రా."

ఒక చేత్తో ఆమెను నెడుతూ చిన్నాయన ఈదాడు. ఆమె తల మాత్రమే నీళ్ళ మీద, ఆ గోడల మధ్య ఒక చిన్న తెల్లని చుక్క, మెల్లగా దూరమైంది. అవతల ఎక్కి చెయ్యి ఊపింది. చిన్నాయన సంచులు దాటించి, బుర్రలు తెచ్చి నాకు కట్టాడు.

సగం దూరంలో నా తాడు జారింది. బుర్రలు తేలిపోయాయి. నీళ్ళు తల మీదికొచ్చాయి. చల్లని ఆకుపచ్చ చీకటి. పైకి తేలగానే నా గొంతులోంచి కేక వచ్చింది. "అత్తా!"

ఎన్నో నెలలకు వచ్చిన మాట అది. గోడలు దాన్ని పట్టుకుని ఒకదానికొకటి అందించుకున్నాయి. అత్తా, అత్తా అంటూ ఆ గండి పొడవునా పోయింది. ఈత రాని మనిషి గొంతుదాకా నీళ్ళలోకి దిగొచ్చి చెయ్యి చాచింది. చిన్నాయన నా జుట్టు దొరకబుచ్చుకుని, ఈదుకొచ్చి ఆమె చేతికి అందించాడు.

రాతి మీద పడి ఏడ్చాను. ఏడ్వాకు అని ఆమె అనలేదు. నా తల ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"ఏం పేరు పెట్టాలనుకున్న్యావు మ్మే?"

అంతవరకు ఆ మాట నన్నెవరూ అడగలేదు. చెప్పాను. ఆ పేరు ఇక్కడ రాయను. అత్త లేచి నిలబడింది. ఇంట్లో పక్కగదికి కూడా వినపడనంత మెల్లగా మాట్లాడే మనిషి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని ఆ పేరును గొంతెత్తి పిలిచింది. గండి అంతా పిలిచింది. పైన గద్దలు లేచి చుట్టూ తిరిగాయి. చిన్నాయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత నేనూ పిలిచాను.

జమ్మలమడుగులో తేలి, బస్సెక్కి ఇల్లు చేరేసరికి, మేము నడిచొస్తున్నామని ముందే కబురంది మా ఆయన కోపంతో ఊగిపోతున్నాడు. "ఏందమ్మా ఇది? ఏమన్నా అయ్యింటే?" అన్నాడు.

"కాలేదు గదా. అన్నం పెట్టండి, ఆకలైతాంది" అన్నాను నేను. నా గొంతు విని ఆయన తిట్టడం మరిచిపోయాడు.

ఆ తర్వాత మాకు ఇద్దరు పిల్లలు. అత్త వాళ్ళను ఎత్తుకుని పెంచింది. గండి సంగతి ఎవరడిగినా "బాగుంటాది" అని ఊరుకునేది. నాకు మాత్రం అత్త అనగానే గుర్తొచ్చేది మడుగు దాటిన మరునాటి పొద్దు. నేను మేలుకునేసరికి ఆమె ఏటి మధ్యలో నీడలో నిలబడి ఉంది. వెలుగు గోడ మీద చిట్టచివర తగిలి, ఒక్కొక్క రాయీ దిగుతోంది. ఆమె కదలకుండా తలెత్తి చూస్తోంది. వెలుగు తేనెపట్లు దాటింది, రాతి చీలికలో మొలిచిన మొక్కను దాటింది, దిగి దిగి వచ్చి ఆమె నెరిసిన జుట్టును తాకింది. అప్పుడు నుదురు, అప్పుడు ముఖం. నోరు కొంచెం తెరుచుకుని, చంటిపిల్ల మాదిరి, ఆమె ఇంకా పైకే చూస్తోంది.