గీత మీద బొట్టు

సికింద్రాబాద్ వెళ్లినప్పుడు, మారేడ్‌పల్లిలో నేను దిగిన ఇంటాయన తీసిన ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలు చూసి కుళ్లుకున్నాను. చెట్ల ఆకులు మంచులా తెల్లగా, ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తున్నాయి. అదే ఫిల్ముతో రాజమండ్రిలో నేను తీసినవన్నీ మసకే.

ఖరీదైన నా రేంజ్‌ఫైండర్ కెమెరా ఆయన చేతికిచ్చాను. దసరా పూజకి మా ఆవిడ లెన్స్ రింగు పక్కన పెట్టిన గంధం బొట్టు ఎండిపోయి అలాగే ఉంది. ఆయన తడిగుడ్డతో తుడిచారు. కింద సన్నని ఎర్రగీత!

“ఏంది సార్ గిట్ల? ఇన్‌ఫ్రారెడ్ వెలుగు మామూలు వెలుగు తాన కాదు, వేరే తాన ఫోకస్ అయితది. అందుకే ఈ ఫిల్ముకు ఫోకస్ చేసినంక రింగును జెర ఈ గీత దాకా తిప్పాలె. మీరు దాన్నే కప్పేసిన్రు.”

పక్కనే ఉన్న ఆయన కెమెరా చూసి, “మరి మీ లెన్స్‌కి గీత ఏదండీ?” అన్నాను.

“దీనికి గీతే లేకుండె. నాలుగు రీళ్లు ఖరాబ్ చేసి జాగ కనుక్కున్న. మా ఆమె గోళ్ల రంగుతోని బొట్టు పెట్టుకున్న.”

థ్యాంక్స్ చెప్పాల్సింది పోయి, “ఆ లెన్స్ అమ్ముతారా?” అని అడిగాను.