పెదనాయన ఒళ్లో కిరీటం

కడుపులో రాయి పెట్టుకోని తిరగతా ఉండాను. ఎన్నేండ్లుగానో. నా పెండ్లానికి కూడా చెప్పలేదు. నువ్వెవురో నాకు తెలీదు, నేనెవురో నీకు తెలీదు. అందుకే నీకు చెప్పబుద్ధయితా ఉండాది.

మాది నగరి పక్క పల్లె. ద్రౌపదమ్మ గుడి కాడ భారతం తిరునాళ్ల జరిగితే వీధినాటకం ఆడేది మా ఇంటోళ్లే. దుర్యోధనుడి వేషం మా పెదనాయనది. ఆ వేషానికి తేలిక కట్టెతో చేసి అద్దాలు పొదిగిన కిరీటం ఒకటుండేది, వాళ్ల తాత కాలంది. దాన్ని నేల మీద పెట్టకూడదు. బస్సులోనైనా రైల్లోనైనా వేషగాడు దాన్ని సంచిలో ఏసి ఒళ్లో పెట్టుకోనే పోవల్ల.

ఒకసారి మద్రాసులో ఒక హోటలోళ్లు ఆటకు పిలిచినారు. మామూలు హోటలు కాదది. గోడల నిండా బొమ్మలు, మెట్ల కింద పాత మగ్గం, మంచాల మీద చేనేత దుప్పట్లు. నాకూ పెదనాయనకూ కలిపి ఒక గది ఇచ్చినారు. పెదనాయన తన మంచం మీద కిరీటాన్ని పెట్టి, తాను కింద పండుకున్నాడు. నేను మాత్రం ఆ మెత్తటి పరుపు మీద దొర్లి దొర్లి, నేను కూడా పెద్ద కళాకారుణ్ణే అనుకున్నాను. నాకు ఆ గది తలకెక్కింది.

పొద్దున హోటలు నడిపే అమ్మ నన్ను పక్కకు పిలిచి, కిరీటం ఇస్తే వాకిట్లో గోడకు తగిలిస్తాం, కింద నీ పేరు రాస్తాం అనింది. డబ్బుకు ఆశపడుంటే ఏదో ఒక సాకు చెప్పుకుందును. నేను పేరుకు పడిపోయినాను. పెదనాయన స్నానానికి పోయినప్పుడు సంచిలోంచి కిరీటం తీసిచ్చేసి, బదులుగా ఒక దిండు కుక్కినాను. ఆయన్నే అడిగుండొచ్చు గదా? అడిగితే ఇయ్యడు. అది తెలిసే అడగలేదు.

రైలు తిరుత్తణి దాటినాక ఆయన కునుకు తీసినాడు. ఒళ్లోని సంచిని మెల్లిగా లాగి, వాకిలి కాడికి పోయి బయటికి విసిరేసినాను. వచ్చి కూర్చున్నాను. ఆయన మేలుకోని ఒడి తడుముకున్నాడు.

"కిరీటం యాడ్రా?"

"నీ ఒళ్లోనే గదా ఉండింది, పెదనాయనా."

వంగి సీటు కింద చూసినాడు. "అవున్రా. నేనే నిద్రపోయినాను," అన్నాడు.

మళ్లీ ఆయన ముఖానికి రంగు పూసుకోలేదు. అమ్మవారికి తప్పు చేసినానని భారతం జరిగినన్ని దినాలూ ఒంటిపొద్దు ఉంటాడు. ఊళ్లో ఎవురూ ఆయన్ని ఒక్క మాట అనలేదు, తన్ను తానే తిట్టుకుంటాడు. నేను తేలు కుట్టిన దొంగ మాదిరి పక్కనే ఉండాను. ఊరోళ్లు కొత్త కిరీటం చేయించినారు. ఇప్పుడా వేషం నాది. నా మీద నాకే అసయ్యం. పాతదాన్ని అడిగి తెద్దామని ఒకసారి ఆ హోటలుకు పోయినాను. గోడ మీద నా పేరు చూసినాను, వాళ్లిచ్చిన కాఫీ తాగినాను, వచ్చేసినాను. ఎందుకు అడగలేదు? ఇంటికి తెస్తే ఏమని చెప్పేది?

మొన్న బంగారుపాళ్యంలో ఆటకు బస్సులో పోతా ఉంటే పెదనాయన కూడా వచ్చినాడు. కిరీటం నా ఒళ్లో ఉండాది. ఆయన దాని మీద చెయ్యేసి, "నువ్వు పండుకో నాయనా. నేను మేలుకోనుంటాను. ఈసారి నిద్రపోనులే," అన్నాడు.

నేను కండ్లు మూసుకున్నాను. నిద్ర యాడొస్తుంది? ఊరొచ్చేదాకా ఆ చెయ్యి తియ్యలేదు ఆయన. కిరీటం పోలేదు పెదనాయనా, నేనే ఇచ్చేసినాను. ఈ మాట ఎవురో తెలీని నీకు చెప్పినాను. ఆయనకు ఇంకా చెప్పలేదు.