చెక్ ఆంటీ ఊళ్లో మా గేదెలు

ఇరవై రెండేళ్ల వయసులో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఉన్నా ఒప్పుకునే అలవాటు ఉండేది కాదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, చదువుకోవడానికి భూగోళానికి దక్షిణపు కొసనున్న ఇన్వర్‌కార్గిల్ వెళ్లిన రోజులవి. అక్కడ చలికాలం మొదలయ్యే జూన్ వచ్చేసరికి మా ఫ్లాట్‌లో మాట్లాడితే నోట్లోంచి పొగలొచ్చేవి. కొబ్బరినూనె సీసా ఎంత బతిమాలినా చుక్క రాల్చేది కాదు. అలాంటప్పుడు కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో ఓ గది ఖాళీగా ఉందని తెలిసి పరుగెత్తాను. ఇంటావిడ డెబ్బై దాటిన చెక్ దేశస్థురాలు (చాటున చెక్ ఆంటీ, ఎదురుగా ఉత్త ఆంటీ). నాకంటే ముందే ఇద్దరు వచ్చి గది అడిగి వెళ్లారట.

కూర్చోగానే మీదే ఊరాంటీ అని అడిగాను. మనవాళ్లకి పుట్టుకతో వచ్చే ప్రశ్న కదా. ఆవిడ నోరు తిరగని పేరేదో చెప్పింది. ఎవరైనా ఊరి పేరు చెబితే తెలియదనడం మన దగ్గర మర్యాద కాదు. మేనత్త తోడికోడలి పుట్టింటి పక్క ఊరైనా అయ్యుంటుందని తలాడిస్తాం. నేనూ తలాడించి, "తెలుసాంటీ, చిన్నదే గానీ మంచి ఊరు" అనేశాను. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. గది నాకే ఇచ్చి, ఆదివారం భోజనాల దగ్గర ఊరి కబుర్లు చెప్పుకుందామంది.

మర్నాడే లైబ్రరీలో పడ్డాను. అట్లాసులో ఆ ఊరు లేదు. ఇంటర్నెట్‌లో నాలుగు ముక్కలు దొరికాయి. నలభై ఇళ్లు, ఉత్తరాన అడవి గుట్ట, దక్షిణాన వాగు, దాని మీద చెక్క వంతెన, తూర్పున చేపల చెరువు. పదో తరగతి పరీక్షలో నర్మదను బంగాళాఖాతంలో కలిపిన ఘనుణ్ని, ఈ ఊరిని మాత్రం కంఠతా పట్టాను. మూడు ఆదివారాలు దిగ్విజయంగా గడిచాయి (ఊరు సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందో అడక్కుండానే చెప్పాను). నాలుగో వారానికి సరుకైపోయింది. పొయ్యి వెచ్చగా ఉంది, నేను మంచి ఊపులో ఉన్నాను, ఆ చెరువులోకి మా ఊరి గేదెల్ని దింపేశాను. సాయంత్రాలు అవి బారులు తీరి చర్చి వెనకనుంచి ఇళ్లకు పోతాయని కూడా చెప్పాను.

ఆవిడ గరిటె కింద పెట్టింది. ఇక పెట్టె సర్దుకోవాల్సిందే, మళ్లీ ఆ మంచుగడ్డ ఫ్లాటే గతి అనుకున్నాను.

"మా ఊళ్లో గేదెలు లేవు అబ్బాయ్. నువ్వు అటువైపే వెళ్లలేదని మొదటిరోజే తెలుసు. కానీ మా చెరువు ఏ పక్కనుందో ఇన్నేళ్లలో ఇక్కడ ఇంకెవరూ నేర్చుకోలేదు" అంది. గది సంగతి ఎత్తలేదు. కాగితం, పెన్సిల్ నా ముందుకు తోసి, గేదెలున్న ఊరేదో గీసి చూపించమంది.

మా ఇల్లు గీశాను. బడి గీశాను. వాగు దగ్గర చెయ్యి ఆగిపోయింది. పదేళ్లు ఈతకొట్టిన వాగు, ఏ దిక్కుకు పారుతుందో తెలియదు. సిగ్గు విడిచి అక్కడినుంచే అన్నయ్యకి ఫోన్ చేశాను. మా ఊళ్లో అప్పుడే తెల్లవారింది.

"మంచిగనే ఉన్నవారా?" అన్నాడు కంగారుగా. విషయం చెప్పాక, "ఆగు, ఇప్పుడే పొద్దు పొడిచింది, పోయి చూసొచ్చి చెప్త" అన్నాడు.

ఇరవై రెండేళ్ల ఆ సర్వజ్ఞుణ్ని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆవేళ మా ఊరి మీద బెంగ పట్టుకుంది. ఆంటీ నా పెన్సిల్ తీసుకుని చెక్కుతూ, తొందరేం లేదంది.