నల్లరాతి మీద నూనె

గ్రానైటూ నల్లరాయీ రెండూ భూమి లోపల కరిగి గడ్డకట్టిన రాళ్ళే. అయినా బూడిదరంగు గ్రానైటు నన్నెప్పుడూ భయపెట్టలేదు. దాని రేణువు ముతక. పూర్వం నుంచీ ఈ వైపు గుడి స్తంభాలకు అదే వాడారు. పగులుంటే దూరానికే కనిపిస్తుంది. నల్లరాయి అలా కాదు. కనురెప్పలంత సన్నని పనికి లొంగుతుంది కాబట్టి గర్భగుడి విగ్రహాలకు దాన్నే కోరుకుంటారు. పగులును మాత్రం లోపలే దాచుకుంటుంది.

అందుకే కళ్ళు చెక్కే ముందు ముఖాన్ని నీళ్ళతో తడపమని మా నాయన నేర్పాడు. రాయంతా ఆరాక ఎక్కడైనా తడి గీత మిగిలితే అక్కడ పగులున్నట్టు. కళ్ళు చెక్కేటప్పుడు ముఖం చీలితే ఊరంతటికీ కీడంటారు.

ఆ రోజు నేను మార్కాపురంలోని మా షెడ్డుకు వెళ్ళేసరికి, పెద్దారవీడు వైపు నుంచి విగ్రహం కోసం వచ్చినవాళ్ళు కూర్చుని ఉన్నారు. కళ్ళు మాత్రమే చెక్కాల్సి ఉన్న నల్లరాతి అమ్మవారి ముఖం నిగనిగలాడుతోంది.

"ఏంది అవ్వా, ఏం పూసినారు?" అని వాళ్ళలోని ముసలామెను అడిగాను.

"ఆముదం నాయనా. అమ్మ మొగం అట్ల ఎండిపోయి ఉంటే మనసొప్పలేదు."

నూనె తాగిన రాయి సబ్బుతో కడిగినా నీళ్ళు పీల్చదు, తడిపి చూసినా పగులు తెలియదు. ముహూర్తం దగ్గరపడింది. కనుకొసన ఉలి ఆనించాను. పగులుంటే ఒక్కో దెబ్బకూ రాతి మోత మారుతుందేమోనని ఊపిరి బిగబట్టి విన్నాను. అమ్మ కళ్ళు తెరుచుకున్నాయి. ముఖం నిలిచింది.

ఏటా ఆ ఊరి తిరునాళ్ళకు పోతాను. అందరూ అమ్మ కళ్ళలోకి చూసి మొక్కుకుంటారు. నేను కనుకొస కింద గీత కోసం వెతుకుతాను. పూజారి అప్పటికే నూనె పూసి ఉంటాడు.